దారిలో నిలిచిన ట్రాలీ

ఇరుసునకు కందెన లేనిదే బండి సాగదని మనమందరము సుమతీ శతకములో చదువుకొన్నవారమే. చదివినది జ్ఞప్తియందుండుట వేరు. అది సమయమునకు ఆచరణలోనికి వచ్చుట వేరు. ఈ రెంటికిని గల దూరమెంతయో 2023 సంవత్సరము డిసెంబరు మాసమున, ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు వచ్చు రహదారి ప్రక్కన, చీకటిలో ఒరిగిపోయిన ట్రాలీ దగ్గర నిలువబడి నేను తెలిసికొంటిని.

జరిగినది కేవలము మా యాలస్యపు కథయే యైనచో ఈ సంచికలో చోటడుగుటకు సాహసింపకయుందును. కాని ట్రాక్టరును, దాని వెనుక తగిలించు ట్రాలీయును మన నంద్యాల జిల్లాలో ఇంటింటి వస్తువులు. వడ్లు, ప్రత్తి, ఎరువులు, ఇసుక, రాళ్లు దానిమీదనే పోవును. తిరునాళ్లకు, పెండ్లిండ్లకు మనుష్యులను కూడ దానిమీద నెక్కించుట మనకు వాడుకయైనది. అట్టి సాధనము ఏల చెడును, చెడినప్పుడు ఏమి చేయవలెను అను సంగతులు విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును అవశ్యము తెలియవలసినవి. కావున మా పొరపాట్లను దాచక ముందు చెప్పి, పిమ్మట వాని కారణములను వివరించెదను.

ప్రయాణము

ఆళ్లగడ్డ శిల్పులకు పేరుగన్న యూరు. అచ్చట రహదారి ప్రక్కనే ఉలి చప్పుడు వినవచ్చును. గిద్దలూరున కావలనున్న యొక చిన్న గ్రామపు సంఘమువారు తమ క్రొత్త దేవాలయమునకు రాతి బాప్తిస్మపు తొట్టి నొకదానిని, శిలాఫలకము నొకదానిని అచ్చట చేయించిరి. ఆ సంఘములో నాకు పరిచితులు కొందరుండుటచే రాళ్లను చేర్చు పని నాపై పడినది. క్రిస్మసు పండుగనాడు తొట్టి ప్రతిష్ఠింపబడవలెను. ఆనాడే నలుగురు శిశువులకు అందు బాప్తిస్మమీయవలెనని తల్లిదండ్రులు కోరియుండిరి.

ఆళ్లగడ్డ నుండి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. అచ్చటనుండి గాజులపల్లె మీదుగా నల్లమల కొండలు దాటి గిద్దలూరు చేరవలెను. మొత్తము దారి నూరు కిలోమీటర్లకు తక్కువ కాదు. లారీకి బాడుగ ఎక్కువ. ఆ గ్రామపు సందులో లారీ తిరుగుటయు కష్టము. అందుచేత తెలిసినవారి ట్రాక్టరును, రెండు చక్రముల ట్రాలీని కుదుర్చుకొంటిమి. ఆ ట్రాలీ అంతకు ముందు మూడు వారములుగా వరికోతలలో బురదమళ్ల నడుమ తిరుగుచుండెను. దానిని ఎవ్వరును విప్పి చూడలేదు. చూడవలెనని నాకును తోచలేదు.

మధ్యాహ్నము రెండు గంటలకు బయలుదేరవలసినవారము. రాళ్లను ఎక్కించుటలో జాగైనందున నాలుగున్నర అయినది. దింపుటకు సులభముగా నుండునని బరువైన తొట్టిని ట్రాలీ వెనుక భాగమున నుంచితిమి. నేను ట్రాక్టరు మీద డ్రైవరు ప్రక్కన ఇరుకుగా కూర్చుంటిని. నాతో వచ్చిన పదవ తరగతి విద్యార్థులిద్దరు ట్రాలీలో వరిగడ్డి పరచుకొని, తొట్టికి ఎడమ మూలగా కూర్చుండిరి. వారి నక్కడ కూర్చుండుమన్నవాడను నేనే.

శిరివెళ్ల దాటువేళకు ప్రొద్దు గ్రుంకుచుండెను. ఆ విద్యార్థులలో నొకడు రెండు పర్యాయములు కేకవేసి, క్రిందినుండి కరకరమను చప్పుడు వచ్చుచున్నదని చెప్పెను. రాళ్లు ఒరసికొనుచున్నవని నేను బదులు చెప్పి యూరకుంటిని. మరికొంత దూరము పోవునప్పటికి మాడు వాసన కొట్టెను. డ్రైవరు పెద్దవయస్సువాడు, అనుభవము గలవాడు. అతడు వెంటనే బండి నాపి దిగి, ట్రాలీ ఎడమ చక్రము దగ్గర చేయి చాపి వెనుకకు తీసికొని, "అయ్యవారూ, పిల్లోళ్లను దింపండి. చక్రం కాలిపోతాంది" అనెను.

అందరమును దిగితిమి. బండి రహదారి మీదనే యున్నది గనుక ప్రక్కకు తీయుటకు అతడు దానిని మెల్లగా ముందుకు నడిపెను. ఏబది గజములైనను పోలేదు. ఎడమ చక్రము ఇరుసునుండి ఊడి పొలములోనికి దొరలిపోయినది. ట్రాలీ ఆ ప్రక్కకు కూలినది. తొట్టి జారి, పలకలను విరుచుకొని, ఎడమ మూలకు పోయి తాకినది. ఆ మూలలో వరిగడ్డి మీద ఇద్దరు పిల్లలు కూర్చున్న గుర్తు ఇంకను చెదరక యుండెను.

ఆ క్షణమున నా కాళ్లు వణకినవి. పిల్లలు దిగి అయిదు నిమిషములైనను కాలేదు. దేవుని కృపచేతను, ఒక డ్రైవరు ముక్కు చురుకుదనముచేతను వారు బ్రతికిరి. నా వివేకముచేత మాత్రము కాదు.

చక్రము ఏల ఊడినది

ఎద్దుల బండిలో చక్రపు బొడ్డు ఇరుసు మీద నేరుగా తిరుగును. ఆ రెంటికి నడుమ ఒరపిడి తగ్గించుటకే మన పెద్దలు కందెన వేయుచుండిరి. ట్రాలీ చక్రములో ఈ పనిని బేరింగులు చేయును. ఇరుసు కొన మీద లోపల నొకటి, వెలుపల నొకటి బేరింగు లుండును. ఒక్కొక్క దానిలో ఉక్కు కడ్డీ ముక్కలవంటి రోలర్లు వలయముగా అమర్చబడి, చక్రము తిరుగునప్పుడు తాము దొరలుచుండును. జారుటకంటె దొరలుటలో ఒరపిడి మిక్కిలి తక్కువ. ఈ రోలర్ల నడుమ గ్రీసు పలుచని పొరగా నిలిచి, ఉక్కు ఉక్కును తాకకుండ కాపాడును. వెలుపల నట్టును, అది విప్పుకొనకుండ ఒక పిన్నును, దుమ్మును నీరును లోనికి పోకుండ ఒక సీలును ఉండును.

బురదలో పని చేసిన ట్రాలీకి సీలు అరిగినచో నీరు లోనికి దిగును. నీరు కలిసిన గ్రీసు తెల్లబడి మజ్జిగవలె పలుచనై తన గుణమును కోల్పోవును. ఉక్కునకు త్రుప్పు పట్టి సన్నని గుంటలు పడును. ఆ గుంటలమీద దొరలు రోలర్లు గరగర చప్పుడు చేయును. ఇదియే మొదటి హెచ్చరిక; ఆ విద్యార్థి విని చెప్పినది ఇదియే.

పిమ్మట ఒరపిడివలన వేడి పుట్టును. వేడికి గ్రీసు మరింత పలుచనై కారిపోవును. గ్రీసు పోవుకొలది ఒరపిడి పెరుగును. ఒరపిడి పెరుగుకొలది వేడి హెచ్చును. ఉక్కు వేడికి వ్యాకోచించుటచే బేరింగులోని సందు తరిగి బిగిసికొనును. ఇట్లు ఒక కీడు మరియొక కీడును పెంచుచు, కడకు రోలర్లు పగిలి, ఇరుసు కొన అరిగి, నట్టు తెగి చక్రము ఊడును. మాడు వాసన వచ్చువేళకు వ్యాధి ముదిరినదన్నమాట.

పొలములో నెలల తరబడి చెడని ట్రాలీ రహదారిమీద ఒక్క దినములో ఏల చెడెనని మీరడుగవచ్చును. పొలములో అది కొంచెము దూరము నడచి, బరువు నింపుటకో దింపుటకో చాలసేపు ఆగును. ఆ విరామములో బేరింగు చల్లబడును. దూరప్రయాణములో అట్టి విరామము లేదు. లెక్క చూడుడు. చక్రపు వ్యాసము 0.8 మీటరు అనుకొనినచో దాని చుట్టుకొలత సుమారు 2.5 మీటర్లు. నూరు కిలోమీటర్లు నడచుటకు ఆ చక్రము సుమారు 40,000 సార్లు తిరుగవలెను. పైన భారమును మోయుచు, ఆగకుండ, వేగముగా తిరుగవలెను. పొలములో కనబడని లోపము రహదారిమీద బయటపడుట కిదియే కారణము.

దీనిని కనిపెట్టుట కష్టము కాదు. ప్రయాణమునకు ముందు జాకీ పెట్టి చక్రము నెత్తి చేతితో త్రిప్పవలెను. గరగరలాడినచో విప్పి చూడవలెను. చక్రమును పైనను క్రిందను పట్టుకొని ముందు వెనుకలకు ఆడింపవలెను. లొటలొటలాడినచో సందు ఎక్కువైనది. బయలుదేరిన పది కిలోమీటర్లకు ఆగి, రెండు చక్రముల బొడ్డులకు దగ్గరగా అరచేతి వెనుక భాగము నుంచి చూడవలెను. రెండును ఒకే తీరున గోరువెచ్చగా నున్నచో భయము లేదు. ఒకటి రెండవదానికంటె ఎక్కువ వేడిగా నున్నచో అచ్చటనే ఆగిపోవలెను. ఈ పరీక్షకు కాసు ఖర్చు లేదు.

బరువు ఎచ్చట నుంచవలెను

మీరు తరగతిలో తులాదండమును గూర్చి చదివియున్నారు. రెండు చక్రముల ట్రాలీ అట్టి తులాదండమే. ఇరుసు దానికి ఆధారస్థానము. ముందు కొక్కెము ట్రాక్టరునకు తగిలింపబడియుండును. ఇరుసునుండి కొక్కెమునకు 3 మీటర్ల దూరమున్నదని, రాతి బరువు 1,500 కిలోగ్రాములని అనుకొందము. ఆ రాతిని ఇరుసునకు 0.4 మీటరు ముందుగా నుంచినచో కొక్కెముమీద పడు భారము 1,500ను 0.4 చేత గుణించి 3 చేత భాగింపగా 200 కిలోగ్రాములు. ఇది ట్రాక్టరు వెనుక చక్రములను నేలకు అదిమి వానికి పట్టు నిచ్చును.

అదే రాతిని ఇరుసునకు 0.4 మీటరు వెనుకగా నుంచినచో అంతే బలము కొక్కెమును పైకెత్తును. ట్రాక్టరునకు నడపు శక్తియు, ఆపు బ్రేకులును సాధారణముగా వెనుక చక్రములకే యుండును. వానిపై భారము తగ్గినచో లాగుటయు చెడును, ఆపుటయు చెడును; ట్రాలీ పాము తోకవలె ఇటునటు ఊగ నారంభించును. మేము తొట్టిని వెనుక నుంచి చేసిన తప్పు ఇదియే. అట్లని బరువంతయు ముందునకు త్రోసినచో కొక్కెము మితిమీరి క్రిందికి నొక్కబడి, ట్రాక్టరు ముందు చక్రములు తేలికబడును. అప్పుడు స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. కావున బరువు ఇరుసునకు కొంచెము ముందుగా, కుడి ఎడమలకు సమముగా, వీలైనంత క్రిందుగా నుండవలెను. రాయి బరువైనది గనుక కదలదని నమ్మరాదు. బరువైనది కదలిననే ఆపుట కష్టము. దానిని నాలుగు వైపుల మోకులతోనో గొలుసులతోనో కట్టి, దిమ్మలు బిగింపవలెను.

దిగుడు బాటలో

మా ట్రాలీ శిరివెళ్ల దగ్గరనే చెడుట ఒక విధముగా మేలే. నల్లమలలోనికి పోయిన పిమ్మట చెడియున్నచో ఏమగునో తలచుటకే భయము. సామాన్యముగా మన ట్రాలీలకు వేరుగా బ్రేకులుండవు. సమతలము మీద ట్రాక్టరు ట్రాలీని లాగును. దిగుడులో ట్రాలీయే ట్రాక్టరును నెట్టును.

ట్రాక్టరు, ట్రాలీ, రాళ్లు కలిసి 5 టన్నులని అనుకొనుడు. అవి 100 మీటర్ల ఎత్తునుండి దిగునప్పుడు విడుదలయగు శక్తి సుమారు 49 లక్షల జౌళ్లు. సుమారు 15 లీటర్ల చల్లని నీటిని మరుగువరకు కాచుటకు అంత వేడి చాలును. వేగము పెరుగకుండ దిగవలెనన్న ఆ శక్తి యంతయు ఇంజనులోను బ్రేకులలోను వేడిగా మారవలసినదే. బ్రేకునే నమ్ముకొన్నచో అది కాగి పట్టు తప్పును. అందుచేతనే ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకును ఆ గేరే కావలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. డీసెలు మిగులునని న్యూట్రలులో బండిని దొర్లనిచ్చువాడు కొన్ని రూపాయలకై ప్రాణమును పందెము పెట్టినవాడగును.

ఆగిన బండి భయము

ట్రాలీ కూలిన తరువాత మా కష్టము ముగిసినదని తలచితిమి. నిజమునకు అప్పుడే మొదలైనది. దాని వెనుక దీపము తీగ తెగియుండెను. అంటించిన రేడియం పట్టీలు బురదతో కప్పబడియుండెను. సగము ట్రాలీ రహదారిమీద, చీకటిలో, చీకటి రంగుగానే నిలిచినది. మేము చెట్టుకొమ్మలను విరిచి వెనుక పరచితిమి. ఒక విద్యార్థి రోడ్డు అంచున నుండి ఫోను దీపమును ఊపుచుండెను. ఒక కారు టైర్లు కీచుమనుచుండగా వచ్చి ట్రాలీకి నాలుగు బారల దూరమున ఆగెను.

ఇది ఆ కారు నడపువాని అజాగ్రత్త అని కోపించుట సులభము. కాని లెక్క వేయుడు. గంటకు 80 కిలోమీటర్ల వేగమనగా సెకనునకు 22 మీటర్లకు పైగా. అడ్డమును చూచి, గుర్తించి, కాలు బ్రేకుమీద వేయుటకు సెకనున్నర పట్టినను ఆ లోపల బండి 33 మీటర్లు పోవును. పిమ్మట పొడి రోడ్డుమీద గట్టిగా బ్రేకు వేసినను ఆగుటకు ఇంకను సుమారు 41 మీటర్లు కావలెను. మొత్తము 74 మీటర్లు. వేగము 100 కిలోమీటర్లైనచో మొత్తము సుమారు 106 మీటర్లు. ఏలయనగా బ్రేకు దూరము వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. ఎదుటివారి కన్నులకు కొట్టకుండ దీపమును దించినచో నల్లని వస్తువు సుమారు 40, 50 మీటర్ల దూరమునగాని స్పష్టముగా కనబడదు. కనబడుటకు 50 మీటర్లు, ఆగుటకు 74 మీటర్లు. ఈ తేడాలోనే ప్రాణములు పోవుచున్నవి.

మా సంగతి జరిగి మూడు నెలలైనను నిండకముందే, 2024 మార్చి 6వ తేదీన, ఇదే రహదారిమీద, ఆళ్లగడ్డ మండలములోని నల్లగట్ల వద్ద ఆగియున్న లారీకి కారు తగిలి ఒకే కుటుంబమువారైదుగురు మరణించిరి. వారిలో క్రొత్తగా పెండ్లియైన దంపతులు కూడ ఉండిరి. ఆ వార్త చదివిననాడు మా ట్రాలీ దగ్గర ఆగిన కారు నా కన్నులకు మరల కట్టినది. అందులోను ఒక తల్లియు, నిద్రించుచున్న పసిబిడ్డయు నుండిరి.

ఆ రాత్రి మమ్ము గట్టెక్కించినవాడు పేరైనను చెప్పని యొక లారీ డ్రైవరు. తన బండిని దూరముగా ప్రక్కకు ఆపి, రెండు ప్రక్కల దీపములు మిణుకుమనునట్లు చేసి, తన దగ్గరనున్న త్రికోణపు హెచ్చరిక పలకను తెచ్చి, వంద అడుగులు నడచి పోయి దారిలో నిలిపెను. జాతీయ రహదారుల సహాయపు నంబరు 1033 అని చెప్పినవాడును అతడే. ఫోను చేయగా గస్తీ బండి వచ్చి వెనుక దీపములు నిలిపెను. యెరికో దారిలో పడియున్నవానిని ఆదరించిన సమరయుని కథను మనము ప్రతి సంవత్సరమును వినుచున్నాము. ఆ సాయంకాలము ఆ కథ శిరివెళ్ల దారిలో జరిగినది.

పెద్ద రాళ్లు నేర్పిన పాఠములు

బరువైన రాళ్ల ప్రయాణములలో చిక్కులు మాకే వచ్చినవి కావు. హైదరాబాదులో హుస్సేన్‌సాగరము నడుమ నిలిచిన బుద్ధ విగ్రహము భువనగిరి సమీపమునగల రాయగిరి వద్ద గణపతి స్థపతి ఆధ్వర్యమున ఏకశిలగా చెక్కబడినది. దాని బరువు సుమారు 350 టన్నులని చెప్పుదురు. 1988 సంవత్సరమున దానిని 192 చక్రముల వాహనముపై హైదరాబాదునకు తెచ్చిరి. అన్ని చక్రములేలయనగా, భారము పంచబడుటకే. 350 టన్నులను 192 చేత భాగించి చూడుడు: ఒక్కొక్క చక్రముమీద పడు రాతి భారము రెండు టన్నులకు లోపే. ఆ యేర్పాటుచేత నేలమీది ప్రయాణము నెరవేరినది. కాని 1990 మార్చి 10వ తేదీన పడవపై సరస్సులోనికి తీసికొని పోవునప్పుడు పడవ ఒరిగి, విగ్రహము నీట మునిగి, పనివారు పలువురు మరణించిరి. పిమ్మట విగ్రహమును వెలికి తీసి 1992 డిసెంబరు 1వ తేదీన నిలిపిరి. సమతూకము తప్పిన భారము ఎంతటి నేర్పరులనైనను క్షమింపదని ఆ దుర్ఘటన తెలుపుచున్నది.

తమిళనాడులోని వందవాసి ప్రాంతమునుండి బెంగళూరునకు పోయిన మహాశిల కథయును అట్టిదే. 2018 సంవత్సరాంతమున 240 చక్రముల వాహనముపై అది బయలుదేరెను. టైర్లు పగిలినవి, వంతెనలు చాలని చోట్ల ప్రక్కన తాత్కాలికపు బాటలు వేయవలసి వచ్చినది, నెలల తరబడి దారిలో నిలిచి 2019లో గమ్యము చేరినది. అంతటివారే ఆగి, వేచి, సరిచేసికొని సాగిరి. ఒక్క పండుగదినమునకు చేరవలెనను తొందరలో మేము ఆగక పోయితిమి.

చేయవలసిన పనులు

ఇంటింట జ్ఞాపకముంచుకొనవలసిన వానిని క్లుప్తముగా చెప్పెదను.

బయలుదేరకముందు చక్రములు, టైర్లు, కొక్కెపు పిన్ను, గొలుసు, వెనుక దీపములు చూడవలెను. బురదలో తిరిగిన ట్రాలీని దూరప్రయాణమునకు ముందు కడిగించి, బేరింగులు విప్పించి క్రొత్త గ్రీసు పెట్టింపవలెను. రేడియం పట్టీలను గుడ్డతో తుడువవలెను. ఆ పట్టీ తనపై పడిన వెలుతురును వచ్చిన దిక్కునకే త్రిప్పి పంపును గనుక దూరమునుండియే కారు డ్రైవరు కంటికి మెరయును; బురద కప్పినచో అది ఉండియు లేనిదే.

ప్రొద్దుండగనే గమ్యము చేరునట్లు బయలుదేరవలెను. ఆలస్యమైనచో ఆ దినము మానుకొనవలెను. క్రొత్త చప్పుడు గాని, వాసన గాని, ఊపు గాని కలిగినచో, చెప్పినది చిన్నవాడైనను సరే, ఆగి చూడవలెను.

బండి చెడినచో వీలైనంత ఎడమకు తీయవలెను. అందరును దిగి రోడ్డు అంచు దాటి దూరముగా నిలువవలెను. ట్రాలీ వెనుక నిలుచుట, దానిమీద కూర్చుండుట మరణమును పిలుచుటయే. పెద్దవాడొకడు రోడ్డుకు వెలుపలగా, వచ్చు బండ్లకు ఎదురుముఖముగా నూరడుగులు వేసి పోయి హెచ్చరిక పలకను నిలుపవలెను. అడుగనగా ఇచ్చట కాలి అంగ. నూరంగలు సుమారు 70 మీటర్లు. నాలుగు వరుసల రహదారిమీద అంతకు మించియు పోవుట మేలు. వాహనమును అపాయకరమైన తీరున రోడ్డుమీద విడుచుట 1988 మోటారు వాహనముల చట్టమునుబట్టి నేరమని మరువరాదు. రహదారి సహాయమునకు 1033, గాయపడినవారికి 108, ఏ యాపదకైనను 112 పిలువవచ్చును. గాయపడినవారికి సద్బుద్ధితో సాయపడువారిని చిక్కులపాలు చేయరాదని ఆ చట్టమునకే 2019లో సవరణ జరిగినది. కావున సాయపడుటకు జంకనక్కరలేదు.

పని ముగిసిన తరువాత గుర్తుకు పెట్టిన రాళ్లను, కొమ్మలను ఎత్తివేయవలెను. బండి పోయినను రాళ్లుండిపోవుట మన దారులలో తరచు చూచుచున్నాము. తెల్లవారుజామున మోటారు సైకిలుపై వచ్చు పాలవానికి ఆ రాయి యమపాశమగును.

కడపటిదియు ముఖ్యమైనదియు నేమనగా, ట్రాలీ సరకులకొరకు చేయబడినది, మనుష్యులకొరకు కాదు. దానికి పట్టుకొనుటకు పిడి లేదు, కూర్చుండుటకు పీట లేదు, ఒరిగినచో కాపాడు కప్పు లేదు. తల్లిదండ్రులారా, పెండ్లికైనను, తిరునాళ్లకైనను, పాఠశాల పనికైనను మీ పిల్లలను దానిపై పంపకుడు. ఉపాధ్యాయుడే ఎక్కుమని చెప్పినను వలదనుడు. ఈ మాట వ్రాయుటకు నాకు సిగ్గగుచున్నది. వ్రాయకుండుట అంతకంటె సిగ్గు.

ముగింపు

మరునాడు నంద్యాల నుండి వచ్చిన మెకానిక్కు ఇరుసు కొన చూచి, ఇక పనికిరాదని తల త్రిప్పెను. శిలాఫలకము రెండు ముక్కలైనది. తొట్టి అంచు ఒక ప్రక్క పెచ్చులూడినది. రెంటిని చిన్న లారీలో మరల ఆళ్లగడ్డకే తీసికొని పోయితిమి. శిల్పి తొట్టిని చుట్టును చూచి, నన్నేమియు అనక, అంచును రెండు వ్రేళ్ల మందము తగ్గించి నున్నగా చెక్కి యిచ్చెను. క్రిస్మసునాడు ఆ నలుగురు శిశువులకు ఇత్తడి పళ్లెములోని నీటితోనే బాప్తిస్మము జరిగినది. తొట్టి నూతన సంవత్సర దినమున దేవాలయము చేరినది.

ఆ రెండు పర్యాయములు కేకవేసిన విద్యార్థిని నేను తరగతి యెదుట నిలువబెట్టి, వాని మాటయే నిజమని, నా మాట తప్పని చెప్పితిని. వాడు తల వంచుకొని, "నేను ఇంకా గట్టిగా చెప్పింటే బాగుండు సార్" అనెను. విద్యార్థులారా, పెద్దలు వినకపోయినచో ఇంకను గట్టిగా చెప్పుడు. పెద్దలారా, మొదటి కేకకే ఆగుడు.